శ్రీనగర్ కంటే ముందు తూప్రాన్ దాకా

మా దుకాణం మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద ఉంది. బోరు మోటార్లు, పైపులు అమ్ముతాను. గల్లా దగ్గర కూర్చుంటే ఎదురుగా కనబడే ఈ రోడ్డునే ఉత్తరానికి పట్టుకుని పోతే కామారెడ్డి, ఆదిలాబాద్, నాగ్‌పూర్, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూ అన్నీ దాటుకుని శ్రీనగర్ చేరవచ్చు. ఎవరినీ దారి అడగాల్సిన పని లేదు. నాకు యాభై నాలుగేళ్లు. ఈ రోడ్డు మీద నేను పోయిన దూరం ఆదిలాబాద్ దాకానే, అదీ ఎవరిదో పెళ్లికి. కశ్మీర్ నెంబరున్న ఆపిల్ లారీ దుకాణం ముందు నెమ్మదించినప్పుడల్లా కస్టమర్ ఏం అడిగాడో మర్చిపోతాను. గల్లాకు తాళం వేసి దాని వెనకే వెళ్లిపోవాలనిపిస్తుంది. వయసు పెరిగితే ఈ కోరిక తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. అందుకే పోయిన ఎండాకాలంలో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. ఇలాంటి బండితో దూరం పోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని మా తయారీ సంగతులు, మొదటి ట్రయల్ రోజున జరిగింది రాస్తున్నాను.

ఈ కోరికలో నాకొక భాగస్వామి ఉన్నాడు. పేరు ఖాజా. శామీర్‌పేట బడిలో నాతో చదివాడు, ఇప్పటికీ అక్కడే ఉంటాడు. ముప్పై ఏళ్లు ఇదే రోడ్డు మీద లారీ నడిపాడు. ప్రతి ట్రిప్పు నుంచి వస్తూ దుకాణం ముందు లారీ ఆపి, నేను తెప్పించిన చాయ్ తాగుతూ ఎక్కడ రోడ్డు కోసుకుపోయింది, ఎక్కడ ధాబా మూసేశారు, ఎక్కడ జామ్ అయింది అన్నీ చెప్పేవాడు. నేను చూడని రోడ్డంతా నాకు అతని నోటి నుంచే తెలుసు. మా ఇద్దరికీ ఇంకా పెళ్లిళ్లు కాని రోజుల్లో ఒకసారి, రెండు సీట్ల కారొకటి నేలను రాసుకుంటున్నట్టు మా ముందు నుంచి దూసుకుపోయింది. అది కనుమరుగయ్యేదాకా చూసి ఖాజా, "పోతే గసొంటి దాంట్ల పోవాలె పటేలా. లోడు లేదు, టైము లేదు, మనిద్దరమే" అన్నాడు. మా వాళ్లకు భూములుండేవి కాబట్టి చిన్నప్పటి నుంచి నన్ను పటేలా అనే పిలుస్తాడు, సగం ప్రేమతో, సగం ఎగతాళిగా. రెండేళ్ల కింద షుగర్ కళ్లకు పట్టడంతో డ్రైవింగ్ మానేశాడు. ఎంత కనబడుతుందని ఎవరడిగినా "జర మసక" అని మాట మార్చేస్తాడు. నేనూ అంతేననుకున్నాను.

కారు సుచిత్ర చౌరస్తాలో పాత బండ్లు అమ్మే ఒకాయన దగ్గర దొరికింది. పదేళ్ల పాతది, పసుపు రంగు, రెండే సీట్లు. ధర ఇక్కడ రాయను, మా ఆవిడ సుజాత ఈ బ్లాగు చదువుతుంది. దేవరయాంజాల్‌లో మా ఇంటి ముందు ఆపినప్పుడు ఆమె కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బియ్యం బస్తా పెట్టే జాగా ఎక్కడుందని అడిగింది. బాబాయి కొడుకులు ఆ పైసలతో ఘట్‌కేసర్ అవతల ప్లాటు వచ్చేదని లెక్క చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను. రెండో సీటు ఎవరిదో నాకు తెలుసు. కానీ ఆ మనిషే ఒప్పుకోలేదు. మొదటిసారి అడిగితే నడుము నొప్పి అన్నాడు, రెండోసారి కోడలి కాన్పు అన్నాడు. అతను రాకపోతే ఈ ప్రయాణం లేదని నాకు లోపల గట్టిగా తెలుసు. ఖాజా లేకుండా ఆ రోడ్డు మీద ఒంటరిగా పోయి నేనేం చేసుకోను? సీట్లో ఒకసారి కూర్చుంటే మనసు మారుతుందేమోనన్న ఆశతో కనీసం ట్రయల్‌కు రమ్మని బతిమాలాను. దానికి సరేనన్నాడు.

తయారీ విషయానికొస్తే, ఇంత కిందికున్న కారుకు మొదటి శత్రువు స్పీడ్ బ్రేకర్. మా ఊరు దాటకముందే కడుపు రెండుసార్లు రాసుకుంది. కుత్బుల్లాపూర్‌లో యాదగిరి అనే మెకానిక్ దగ్గర ఇంజిన్ కింద ఉక్కు రేకు వేయించాను, నాలుగు వేలయింది. బ్రేకర్‌ను ఎదురుగా కాకుండా ఒక చక్రం తర్వాత ఇంకో చక్రం ఎక్కేలా ఏటవాలుగా దాటాలి. మరీ ఎత్తున్న చోట వేసుకోవడానికి రెండు చెక్క పలకలు సీట్ల వెనక పెట్టుకున్నాను. టైర్ల గాడులు లోతుగానే ఉన్నాయి కానీ పక్కల్లో సన్నటి పగుళ్లు కనిపించాయి, నాలుగూ మార్పించాను. పాత కారు కొనేవాళ్లు గాడి మాత్రమే చూసి మోసపోవద్దు. కూలెంట్, బ్రేక్ ఆయిల్, బెల్టులు అన్నీ కొత్తవి. డిక్కీలో మనిషికొక చేతిసంచి మించి పట్టదు. లీటరుకు పది, పదకొండు కిలోమీటర్లే ఇస్తుంది కాబట్టి పెట్రోలు ఖర్చు మామూలు కారుకు దాదాపు రెండింతలు వేసుకోవాలి. వానలు పోయి రోడ్లు ఆరాక, దీపావళి దాటగానే బయల్దేరమని యాదగిరి అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

ట్రయల్‌కు జూలైలో ఒక ఆదివారం పెట్టుకున్నాం. రాత్రంతా వాన కురిసి పొద్దున తెరిపిచ్చింది. మా వైపు ఏ బండి కొన్నా కట్ట మైసమ్మకు చూపించనిదే దూరం తీయరు. ఏడు గంటలకల్లా నేనూ సుజాతా శామీర్‌పేట చెరువు కట్ట దగ్గరికి చేరాం. ఖాజా అప్పటికే అక్కడున్నాడు, భుజం మీద బంతిపూల దండతో. అది దండ కాదు, తాడు. లారీకి కట్టే సైజు. "బండి మొదటిసారి దూరం పోతాంది, నా చేతితోనే కడత" అని కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లతో తడుముకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు రెండు వరసలు బిగించి కట్టాడు. కారు మూతి పూర్తిగా పూలలో మునిగిపోయింది. నాకు కనిపించింది, కానీ ముప్పై ఏళ్ల డ్రైవర్ కట్టిన దండకు వంక పెట్టడానికి నేనెవరిననుకున్నాను. సుజాత నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కోడి మొక్కు క్షేమంగా తిరిగొచ్చాక తీరుస్తానని అమ్మవారికి మాటిచ్చింది. ఇల్లు చేరేదాకా దండ తీయొద్దని మాకు చెప్పి ఆటోలో ఇంటికి పోయింది. ఖాజా బిస్మిల్లా అనుకుంటూ సీట్లోకి దిగాడు. ఈ కార్లలోకి ఎక్కడం ఉండదు, దిగడమే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోవాలి.

శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి మేడ్చల్ దగ్గర దిగి, ఉత్తరానికి తిరిగాం. ఆదివారం పొద్దున కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. కాళ్లకల్ దాటాక యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం గట్టిగా పెట్టాను, కారు ముందుకురికింది. నా దుకాణం వెనకబడిపోతున్న కొద్దీ ఛాతీలో ఏదో వదులైనట్టయింది. ఇలాగే, ఆగకుండా, ఆపిల్ తోటల దాకా పోవచ్చు కదా అనిపించి కళ్లు చెమర్చాయి. ఖాజా గేరు మార్చాల్సిన చోటల్లా చప్పుడు విని చెబుతున్నాడు. బ్రేకు లేని వైపున కూర్చున్నా అతని కుడికాలు నేలను తొక్కుతూనే ఉంది. మనోహరాబాద్ దాటాక అతనే ముందు పసిగట్టాడు, ఫ్యాను ఆగకుండా తిరుగుతోందని. చూస్తే వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దగ్గరుంది. తూప్రాన్ రాకముందే రోడ్డు పక్కన రేకుల హోటల్ కనబడితే ఆపేశాను. బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. ఇలాంటప్పుడు రేడియేటర్ మూత జోలికి వెళ్లకండి, మరిగే నీళ్లు ముఖాన పడతాయి. ఇంజిన్ ఆపి, అరగంట పైనే చల్లారనివ్వాలి.

హోటల్ నడిపే ఆమె రెండు చాయ్‌లు, మిర్చీ బజ్జీలు ఇచ్చి, ఇంత మంచి బండికి ఏమైందని జాలిపడింది. నేను కారు ముందు భాగం ఫొటో తీసి యాదగిరికి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. చేతికి నూనె అంటి ఉండటంతో స్పీకర్ పెట్టాను.

"సార్, బండి మూతికి ముసుగేసిన్రు. గాలి ఎట్ల పీలుస్తది? ఎవలు కట్టిన్రు గా దండ?"

నేనే కట్టానన్నాను. ఖాజా ఫోన్ వైపు వంగి, "నేనే కట్టిన" అన్నాడు. యాదగిరి సర్దుకుని, దండ తీసేసి, రేడియేటర్ ముందు జాలీలో చిక్కిన పూరేకులు దులిపి, చల్లారాక కూలెంట్ పోసుకుంటే ఏమీ కాదని చెప్పి పెట్టేశాడు.

ఖాజా చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత అడిగాడు, కట్టినప్పుడు నువ్వు చూశావా అని. చూశాను, నువ్వు కట్టావని ఊరుకున్నానని చెప్పాను.

"లారీ మూతి ఎత్తుంటది, ఎంత పెద్ద దండైనా దానికి సాలదు. గీ బండి మూతి యాడుందో నాకు కనబడలే పటేలా" అన్నాడు. "మసక గాదు. సూటిగ జూస్తే నడుమ నల్లగ ఉంటది, ఇంకేం లేదు. గిప్పుడు నీతోని మాట్లాడుతున్న గని, నీ చెవి దిక్కు జూస్తున్న. గట్లయితెనే నీ ముఖం జర కనబడ్తది."

రెండేళ్లుగా అతను నా భుజం మీదుగా ఎటో చూస్తూ మాట్లాడుతుంటే, మనిషికి నా మీద ధ్యాస తగ్గిందని లోలోపల నొచ్చుకున్నాను. అందుకేనా రానన్నావని అడిగాను.

"మరేంది? రోడ్డు కనబడనోణ్ణి పక్కకు కూసోవెట్టుకొని ఏం జేస్తవ్. వట్టి లోడు."

లోడు కాదు, నువ్వు రాకపోతే కారు అమ్మేస్తానని చెప్పాను. అతను నవ్వలేదు. తల అటు తిప్పి హోటల్ వెనక పొలాల వైపు చూస్తున్నట్టు కూర్చున్నాడు. నాట్ల కోసం దమ్ము చేసిన మళ్లలో కొంగలు దిగుతున్నాయి.

"పక్కలైతే కనబడ్తున్నయ్" అన్నాడు చివరికి. "ముప్పై ఏండ్లు ముందటిదే జూసిన. పక్కకు తల తిప్పితే పానం పోతదని భయం. నిర్మల్ గుట్టలు ఎట్లుంటయో నాకు తెల్వదు పటేలా. యమునా నది మీదికెల్లి ఎన్నిసార్లు పోయిన్నో, నీళ్లు జూడలే."

అప్పుడు నాకర్థమైంది. ఇన్నేళ్లు అతను నా దుకాణం ముందు చెప్పిన కబుర్లలో గుంతలున్నాయి, జాములున్నాయి, టోల్‌గేట్లున్నాయి. ఒక్క కొండ లేదు, ఒక్క తోట లేదు. నేను దేని కోసం తపించిపోయానో దాని మధ్యలో నుంచి రోజూ పోతూ కూడా అతను దాన్ని చూడలేదు.

"దీపావళి దాక ఆగకు" అన్నాడు ఖాజా. "కంట్ల సూదులేస్తున్నరు, ఉన్న సూపు ఉంటదనే అంటున్నరు. ఉన్నప్పుడే పోదం."

కారు చల్లారాక ఇద్దరం కలిసి దండ విప్పి, తొక్కుడు పడకుండా సంచిలో వేసి సీటు వెనక పెట్టాం. జాలీలో ఇరుక్కున్న పూరేకులు నేను ఏరుతుంటే, మిగిలినవి ఎక్కడున్నాయో అతను వేళ్లతో తడిమి తీశాడు. తిరుగు ప్రయాణంలో ముల్లు మధ్యలోంచి కదల్లేదు. ఖాజా తన వైపు అద్దం కిందికి దించి, నా నుంచి తల పూర్తిగా తిప్పేసుకున్నాడు. కాసేపటికి మొదలుపెట్టాడు. నాట్లేసే ఆడోళ్లు పది మంది దాకా ఉన్నారని, ఒకామె ఎర్ర తువ్వాల తలకు చుట్టుకుందని, మెడ దాకా నీళ్లలో కూర్చున్న బర్రె ఉందని, ఒకాయన స్కూటర్ మీద ఫ్రిజ్ కట్టుకుని పోతున్నాడని. నా కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, అందులో ఒక్కటీ నాకు కనబడలేదు. ఇంకా ఏముందని అడుగుతూనే ఉన్నాను. మేడ్చల్ వచ్చాక కూడా అతను ఆపలేదు. మా దుకాణం దాటుతున్నప్పుడు, బోర్డు మీద రంగు వెలిసిపోయిందని, మార్పించమని చెప్పాడు.

ఆగస్టు మొదటి వారంలో బయల్దేరుతున్నాం. వానల్లో ఇలాంటి కారుతో కశ్మీర్ దాకా పోవడం తెలివైన పని కాదు. యాదగిరి మొహం మీదే చెప్పాడు, మీకూ అదే చెబుతాను, వీలుంటే వానలు పోయాకే వెళ్లండి. మేం మాత్రం వెలుగున్నంతసేపే నడిపి, వాన గట్టిగా పడితే ఎక్కడున్నామో అక్కడే ఆగిపోతాం, ఎన్ని రోజులైనా సరే. ఖాజాకు సూది పడాల్సిన తారీఖుకు ముందే వెనక్కి రావాలని వాళ్ల ఇంట్లో భాభీ దగ్గర మాటిచ్చాను. శ్రీనగర్ చేరకపోయినా బెంగ లేదు. నాగ్‌పూర్‌తోనే రోజులు అయిపోతే అక్కడి నుంచే తిరిగొస్తాం. ఇప్పుడు రోడ్డు మీద ఆపిల్ లారీ కనబడితే నాకు మునుపటి బాధ లేదు. కానీ ఆ తోటలు ఎలా ఉంటాయో ఖాజా నోటి నుంచి వినాలని ఉంది. అది మునుపటి కోరిక కంటే ఎక్కువగా ఉంది.

ఇక ఒక్క సలహా. పాత స్పోర్ట్స్ కార్లకు ముందటి యజమానులు పక్కద్దాలకు నల్ల ఫిల్మ్ అంటిస్తుంటారు. దానికి పోలీసులు ఫైన్ వేస్తారన్నది ఒక సంగతి. అంతకంటే ముఖ్యం, పక్కన కూర్చున్న మనిషికి ఏమీ కనబడదు. బయల్దేరే ముందు వేడి నీళ్లతో తడిపి, అంచు నుంచి మెల్లగా ఊడదీయండి, ముందు ఎడమ పక్కది. నేను నిన్న సాయంత్రం ఆ పని చేశాను. ఖాజా వచ్చి సీట్లో కూర్చుని, అద్దం పైకెత్తి, తల కొంచెం వంచి అటూ ఇటూ చూసి, మా ప్రహరీ మీద పిల్లి పడుకుందని చెప్పాడు.