వేరే గిన్నెలో నాయన రక్తం

మా ముత్తాత చిట్టమూరు వైపు చాలా ఊళ్ళకు పెత్తందారు. తాత మునసబు. శిస్తు లెక్కలు చూసే జమాబందీకి దొరలు వస్తే గుడారం మా తోటలోనే వేసేవారు. నాయన కాలానికి పెత్తనం పోయింది, నడక మాత్రం మారలేదు. నేను సూళ్లూరుపేట మలేరియా ఆఫీసులో రక్తపు స్లైడ్లకు రంగు వేసే ఉద్యోగంలో చేరాను. బంధువులు నవ్వారు. నేను ఏనాడూ ఆ రంగుల గదిలోకి తల వంచుకుని పోలేదు.

ఒక ఏడు నాట్ల అదనులో నాయనకు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు మంచమంతా వణికిపోయేది. మాత్రలు తెచ్చాను. ముట్టలేదు.

"అది పల్లెల్లో వచ్చే జ్వరంరా. మనింటికెందుకొస్తాది? నా రక్తంలో పురుగు కనబడిందని చెప్పు, అప్పుడు మింగుతా."

రక్తం తీసేందుకు వేలు చాపడానికీ షరతు పెట్టాడు. "నా రక్తం అందరి రక్తంతో కలిపి రంగు జాడీలో ముంచేది లేదు. రంగు కలిపే నీళ్ళు కూడా మనింటివే."

వేలు గుచ్చి రెండు స్లైడ్లు తీశాను. ఇత్తడి చెంబుకు గుడ్డ కట్టి, మా బావి నీళ్ళతో బస్సెక్కాను. ఆ తడిగాలికి స్లైడు ఓ పట్టాన ఆరదు. ఈగలు నెత్తురు నాకేస్తాయని విసురుతూ, గదిలో ఆ గోడకూ ఈ గోడకూ తిరిగాను. ఆరాక వేరే గిన్నెలో మా నీళ్ళతో రంగు కలిపి ముంచాను.

మైక్రోస్కోపు కింద అంతా నీలం. కణమేదో పురుగేదో తెలియలేదు. మా నాయన స్లైడని చెబితే డాక్టరుగారు వంగి చూశారు.

"ఏందయ్యా ఇది? రక్తమా, నీలిమందా? ఏం నీళ్ళు కలిపినావు?"

"మా బావివండీ. చుట్టుపక్కల అంత తియ్యటి నీళ్ళు లేవు."

"తాగేదానికి తియ్యనే. రంగుకు పనికిరావు, అంతా సున్నమే. ఆడ మీ నాయన వణకతా ఉంటే ఈడ నీకు మర్యాదలా? ఇంకో స్లైడుందా, లేదా?"

ఉంది. పులికాట్ ఒడ్డు పల్లెల నుంచి వచ్చిన స్లైడ్ల పక్కనే దాన్నీ ఆఫీసు జాడీలోకి దించాను. రంగు పట్టేదాకా కుదురుగా కూర్చోలేకపోయాను. ఈసారి కణాలు లేత గులాబీగా తేలాయి. వాటిలో సన్నని నీలి ఉంగరాలు, ఒక్కోదానికి ఎర్రటి చుక్క. అవే మలేరియా పురుగులు.

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చున్నాను. "కనబడింది నాయనా."

"మన నీళ్ళతోనేనా?"

"కాదు. అందరి జాడీలోనే, పల్లెల స్లైడ్ల పక్కనే."

"ఆ పల్లెవాళ్ళు మాత్రలు మింగినారా?"

"రక్తం తీసిన పూటే మింగినారు."

మాత్రల కోసం చెయ్యి చాపాడు.

జ్వరం తగ్గింది. ఆయన లేచి పొలం గట్టు మీదికి వచ్చేసరికి నాట్ల అదను దాటిపోయింది. ఆ ఏడు పంట లేక, వేసవిలో, చెరువు కింద మాకు మిగిలిన రెండెకరాలూ అమ్మేశాం.