ఖాళీ తొట్టి ముందు కుర్చీ

ఆమె పని కారు నడపడం నేర్పడం. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే ఆమె పక్కసీట్లో కూర్చుంటుంది. ఆమె కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఏళ్ళ తరబడి పరాయివాళ్ళ తప్పులకు తాను బ్రేకు తొక్కే మనిషికి కోపం రాకపోతే కదా వింత. ఇంట్లో ఉన్నా సరే, ఒళ్ళు మండితే కుడికాలు నేలను అదిమేస్తుంది. అందుకే ఇంట్లోవాళ్ళు ఆమె మొహం కంటే ముందు ఆమె పాదం వంక చూస్తారు. చుట్టాలైతే బ్రేకు టీచరని పేరే పెట్టేశారు. ఆ పేరు విన్నప్పుడూ కాలు నేలను అదుముతుంది.

ముందుగదిలో గోడ పొడవునా ఆమె పెంచుకున్న ఉప్పునీటి తొట్టి ఉంది. గోరంత ముక్కలుగా తెచ్చి రాళ్ళకు అతికించిన ప్రాణమున్న పగడాలు ఇప్పుడు అరచేతులంత అయ్యాయి. వాటి మధ్య నారింజరంగు చేపల జంట ఒకటి, పళ్ళెమంత పసుపు చేప ఒకటి తిరిగేవి. ఆ పసుపు చేపకు పెద్దాయన అని పేరు పెట్టింది అత్తగారు. మోకాళ్ళు మొరాయించాక ఆవిడ లోకమంతా ఆ తొట్టి ముందున్న కుర్చీలోనే. ఆవిడ కొడుకు, అంటే ఈమె మొగుడు, రాత్రి షిఫ్టు మనిషి, ఇంట్లో గొడవ జరిగే వేళకు సరిగ్గా నిద్రలో ఉండే అదృష్టవంతుడు.

ఒకరోజు ఆమె పనికి వెళ్ళినప్పుడు తమ్ముడు వచ్చాడు. అక్క సంతోషిస్తుందని అంగట్లో ఒక నీలం చేపను కొని, సంచి విప్పి నేరుగా తొట్టిలోకి వదిలాడు. కొత్త చేపను వేరే నీళ్ళలో కొన్నాళ్ళు విడిగా ఉంచి, జబ్బేమీ లేదని తేలాకే కలపాలని ఆమె వాడికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. వారం తిరిగేసరికి నీలం చేప పోయింది. పెద్దాయన రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు పొడిచాయి.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నానక్కా," అని తమ్ముడు నీళ్ళు నమిలాడు.

"ఇచ్చావుగా. ముచ్చటగా ఉంది. చుట్టం ఒక్కడే వచ్చాడనుకున్నా, జబ్బును కూడా వెంటబెట్టుకొచ్చాడు."

ఇక ఆ అంగడివాడి సంగతి. జబ్బు అమ్మినవాడే మందూ అమ్మబోయాడు. పగడాలకు ఏమీ కాదు, నేరుగా తొట్టిలో పోసేయండి అంటూ ఒక సీసా ముందుకు తోశాడు. ఆమె సీసా తిప్పి చూసింది. రాగి మందు. చేపల ఒంటి మీద ఆ చుక్కలు పెట్టే పురుగును చంపే మాట నిజమే, కానీ పగడాలనూ నత్తలనూ రొయ్యలనూ కూడా చంపుతుంది. ఇంత తెలియనివాడు ప్రాణాలతో వ్యాపారం చేస్తున్నాడు. వాణ్ణి కొట్లో ఉన్నవాళ్ళందరి ముందూ కడిగిపారేసింది. సీసా మాత్రం తీసుకుంది, వేరే తొట్టిలో చేపలకు వాడటానికి.

దారి ఒక్కటే. చేపలన్నింటినీ బయటికి తీసి, ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి మందు వేయాలి. పెద్ద తొట్టిని చేపలు లేకుండా రెండు నెలలకు పైగా వదిలేయాలి. పురుగు ఇసుకలో దాక్కుని పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలకు అంటుకోవడానికి చేప ఒళ్ళు దొరకకపోతే అవి చస్తాయి. అలా ఓపిక పడితే పెద్దాయన తన ఇంటికి తిరిగి రావచ్చు. లేకపోతే ఆయన కథ అంతే.

చేపలు పట్టడానికి రాళ్ళన్నీ కదపాల్సి వచ్చింది. ఏళ్ళు పట్టి పెరిగిన పగడాలు చేతుల్లో విరుగుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళకూ తమ్ముణ్ణే తిట్టింది. ఇసుకలో బొరియలో ఉండే చిన్న చారల చేప ఒకటి ఉండాలి కానీ అది కనబడక చాన్నాళ్ళయింది. పోయిందనే అనుకుంది. ప్లాస్టిక్ తొట్టిని వెనక వసారాలో పెట్టింది. అక్కడికి రెండు మెట్లు దిగాలి.

"పెద్ద తొట్టి మూత తీస్తే మీ పని చెప్తా," అని ఇంట్లో అందరికీ హెచ్చరిక చేసింది. అందరూ పాదం వంక చూసి తలూపారు.

అత్తగారు మాత్రం అప్పుడప్పుడూ అడిగేది. "పెద్దాయన ఎలా ఉన్నాడమ్మాయ్?"

"బాగానే ఉన్నాడత్తయ్యా," అంటూ ఆమె తాళాలు తీసుకుని గడప దాటేది.

చుక్కలు పోయాయి. పెద్దాయన మేత తినసాగాడు. పెద్ద తొట్టి గడువూ దాటింది. చేపల్ని ఇంటికి చేర్చే రోజున ఆమె సెలవు పెట్టింది. వల తెమ్మని తమ్ముణ్ణి పిలిచి, తాను ముందుగదిలోకి వచ్చింది. అత్తగారు కుర్చీలో ముందుకు వంగి, కొంగు చాటు నుంచి చిటికెడు మేత తీసి తొట్టి మూలన వేస్తోంది. ఇసుకలోంచి చారల చేప తల బయటపెట్టింది, మేతను అందుకుంది. దాని తోక మీద రెండు తెల్లచుక్కలు.

అంటే అంతా వృథా. ఆ ఒక్క చేప ఒంటి మీద పురుగు ఇన్నాళ్ళూ హాయిగా కాపురం చేసింది. ఒక్క గంట ఆలస్యంగా చూసుంటే పెద్దాయన్ని మళ్ళీ ఆ పురుగు నోట్లో వేసేది.

"ఇదుందని మీకు తెలుసా?" అంది ఆమె.

"మొదట్నుంచీ తెలుసు. దానికో రొయ్య స్నేహం. రొయ్య ఇసుక తోడిపోస్తుంటే ఇది గుమ్మంలో కాపలా కాస్తుంది."

"మరి చెప్పరేం అత్తయ్యా? నేను ఎందుకు చస్తున్నానో మీకు తెలీదా?"

"చెబితే దాన్నీ పట్టుకుపోతావు." ఆవిడ గొంతు పెంచలేదు. "వెనక మెట్లు నేను దిగలేను. పెద్దాయన్ని అడిగితే బాగున్నాడంటావు, వెళ్ళిపోతావు. నీ చేపలకి వేరే గదిచ్చావు. నాకు ఖాళీ నీళ్ళిచ్చావు. ఇంట్లో నోరు విప్పి నీతో ఈ మాట అనేదెవరు?"

తమ్ముడు వలతో గుమ్మంలో నిలబడి అక్క పాదం వంక చూశాడు. అది నేల మీద మామూలుగా ఉంది. ఆమెకు కోపం లేక కాదు, ఒళ్ళంతా మండుతూనే ఉంది. కానీ తమ్ముడి మీదా అంగడివాడి మీదా బోలెడంత పోసిన కోపం ఈసారి ఎవరి మీద పోయాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో చేపల గురించి పట్టించుకునేది తానొక్కతేనని అనుకుంది.

"మళ్ళీ మొదట్నుంచేనా?" అన్నాడు తమ్ముడు.

"మొదట్నుంచే. ముందు నువ్వెళ్ళి గాజుతొట్టి ఒకటి తీసుకురా. ప్లాస్టిక్‌ది వద్దు. ఈ కుర్చీ పక్కన పట్టాలి."

చారల చేప వలకు చిక్కలేదు. ఎంత ఆగినా బొరియ వదలలేదు.

"అది నా చిటికెకే వస్తుంది," అంది అత్తగారు.

"అయితే మీరే పిలవండి అత్తయ్యా."

ఆవిడ మేత వేసింది. అది బయటికి వచ్చింది, కోడలు వల ఎత్తింది. సాయంత్రానికి చిన్న చేప, నారింజరంగు జంట, పెద్దాయన అన్నీ కుర్చీ పక్కన మందు కలిపిన గాజుతొట్టిలో ఉన్నాయి. అత్తగారు గాజుకు మొహం దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది.

"చిక్కిపోయాడు. బాగున్నాడని ఎందుకు చెప్పావమ్మాయ్?"

కోడలు ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.