నాన్న మగ్గం మీది చద్దర్

కరోనా పోయాక మా నేతవాళ్లుండే భవాని పేట్‌కు రంగుల డబ్బాలతో ఒక బృందం వచ్చింది. బీడీలు చుట్టే ఆడవాళ్లందర్నీ మా కులసంఘం సమాజ్ హాల్లో కూర్చోబెట్టి, తలా ఒక కాగితం ఇచ్చి, మనసులోని బాధను బొమ్మగా వేయమన్నారు.

కరోనాలో పోయిన నాన్నను వేద్దామనుకున్నాను. కాగితం మీదికి వచ్చింది మాత్రం ప్లాస్టిక్ మూట. ఆస్పత్రి వాళ్లు ఆయన్ను అందులోనే చుట్టి పంపేశారు, మమ్మల్ని దగ్గరికి కూడా రానివ్వలేదు. మావాళ్లలో ఎవరు పోయినా అయినవాళ్లు కొత్త బట్ట తెచ్చి కప్పుతారు. జీవితమంతా బట్ట నేసిన మనిషికి మా చేతుల మీదుగా ఒక గుడ్డపేలిక కూడా దక్కలేదు.

బృందాన్ని తెచ్చిన మేడమ్ నా బొమ్మ చూసి మొహం చిట్లించింది. "పైన ఒక సూర్యుణ్ణి వేయండి. ఆశ కనిపించాలి కదా" అంటూ పసుప్పచ్చ రంగు నా ముందుకు జరిపింది. కాగితం ఉండచుట్టి అక్కడే పారేసి ఇంటికొచ్చాను.

ఇంట్లో నాన్న చేతిమగ్గం అప్పటిదాకా ఎవరం ముట్టుకోలేదు. ఆయన సగం నేసిన చద్దర్ దుప్పటి దాని మీదే ఉండిపోయింది. పైన కప్పిన గోనె తీస్తే ఎలుకల పెంట, పోగులకు పట్టించిన గంజి పాచిపోయిన కంపు, పోగుల సందుల్లోంచి బొద్దింకలు. రోత పుట్టింది. అయినా ముక్కుకు కొంగు చుట్టుకుని అంతా ఊడ్చి, తెగిన పోగులు అతికి కూర్చున్నాను. నాన్న ఉన్నన్నాళ్లూ నా పని కండెలకు నూలు చుట్టడం వరకే, మగ్గం ఎక్కనిచ్చేవాడు కాడు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం కాసేపు నేసేదాన్ని. నేస్తున్నంతసేపూ తిట్టేదాన్ని. ఆస్పత్రిని, ఆ ప్లాస్టిక్‌ను, చెప్పకుండా పోయినందుకు నాన్నను కూడా. దిగేసరికి చేతులు పీకేవి గానీ, నాలుగు ముద్దలు గొంతు దిగేవి.

చద్దర్ పూర్తయిందని ఎవరు చెప్పారో, మేడమ్ ఇంటికే వచ్చింది. నాన్న నేత ఎక్కడ ఆగిందో, నాది ఎక్కడ మొదలైందో చూడగానే తెలిసిపోతుంది. నా సగమంతా అంచులు వంకరే.

"ఈ వంకరలోనే ఉంది అందం. ప్రదర్శనలో గోడకు వేలాడదీద్దాం" అంటూ దాన్ని భుజాల చుట్టూ కప్పుకుని, ఫోన్ ఎత్తి ఫొటో తీసుకుంది. నవ్వింది కూడా. నాన్న ఒంటి మీద పడాల్సిన బట్ట అది. ఆమె పళ్లు చూస్తుంటే నాకు ఒళ్లంతా కంపరం పుట్టింది.

గడప దగ్గర బీడీలు చుడుతున్న అమ్మ ఒళ్లోని చాట పక్కన పెట్టి లేచింది. తంబాకు అంటిన చేతులు చీరకు తుడుచుకుంది.

"ఇటియ్యమ్మా. గోడకేం సలి పెడ్తదా?"

మేడమ్ చద్దర్ తీసి అమ్మ చేతికిచ్చి వెళ్లిపోయింది. అమ్మ దాన్ని మడత పెట్టి, పెట్టెలో అడుగున తన పెళ్లిచీర పక్కన సర్దింది.

"మీ నాయినకైతే కప్పకపోతిమి" అంది నా వైపు తిరగకుండానే. "నేను పోయిన్నాడు ఇది నాకు కప్పు బిడ్డా. ఎవ్వలు ఒద్దన్నా ఇనకు. నన్ను పిలాస్టిక్‌ల పంపియ్యకు."

సరేనన్నాను. ఆ అంచులు ఇంకాస్త తిన్నగా నేయాల్సింది.