పడుగు ఆరకముందే వచ్చిన మొగులు

మబ్బు సంగతి నాకు ముందు వేళ్లకు తెలుస్తుంది, తర్వాతే కళ్లకు. మాది మగ్గం ఇల్లు. గాలిలో చెమ్మ ఉన్న రోజు నూలు పోగు మెత్తగా, చెప్పినట్టు వింటుంది. గాలి పొడిబారితే అదే పోగు గరుకెక్కి ఊరికే తెగుతుంది. మా అత్త తలుపు కూడా తీయకుండా, మగ్గం మీద చెయ్యి పెట్టి "ఇయ్యాల మొగులు పట్టింది" అనేది. బయటికి వెళ్లి చూస్తే నిజంగానే మబ్బు కమ్మి ఉండేది.

చెమ్మ మాకు చుట్టమే గాని వాన కాదు. నేసే ముందు పడుగును, అంటే చీరకు నిలువుగా పోయే పోగులను, వీధిలో రెండు గుంజల మధ్య సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఇంట్లో అంత జాగా ఎక్కడిది? ఆ రెండు మూడు గంటలు ఆకాశం మమ్మల్ని చూసీ చూడనట్టు వదిలేస్తే చాలు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు వానాకాలం. మా ఎదురింటి వదినెవాళ్లకు హైవే అవతల పత్తి చేను ఉంది. మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, పెట్టిన గింజలు మొలిచి మాడిపోతే మళ్లీ పెట్టారు. ఆ వారం వాన పడకపోతే ఈ మొలకలూ పోతాయి. మూడోసారి పెట్టడానికి వాళ్ల దగ్గర గింజ లేదు.

మా గండం మాది. పడుగు మీద పువ్వుల కోసం మా ఇంటాయన, నేను రెండు నెలలు కూర్చుని పోగులకు కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పాం. పోగు కొంచెం పక్కకు జరిగినా పువ్వు చెదిరిపోతుంది. ఇది చెడితే ఇంక నూలు ఇవ్వనని నూలిచ్చే ఆసామి ముందే చెప్పాడు.

ఆ పొద్దున పోగు గరుకుగానే ఉంది. పైన ఏకిన పత్తిలాంటి తెల్ల మబ్బులు, ఎవరో తరుముతున్నట్టు పోతున్నాయి. ధైర్యం చేసి పడుగు సాగదీశాం. గంజి పట్టించడం అయిందో లేదో, వీధి మొదట్లో పాట వినపడింది. రోకలికి వేపమండలు చుట్టి, గుడ్డలో కప్పను కట్టి, వాన కోసం ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. కప్పతల్లి వాకిట్లోకి వస్తే ఇంటామె చెంబెడు నీళ్లు పోయాలి. రోకలి మోస్తున్నది మా ఎదురింటి వదినే.

"నీళ్లు తే, వదినె," అంది. నా చూపు పడుగు మీదికి పోవడం కనిపెట్టింది. "ఏంది, నీళ్లన్నీ గంజిలనే పోసినవా? కప్పకు చెంబెడు లేవా?"

"జర నా పడుగు ఆరినంక రారాదు?"

"కప్ప ఆగుతది. నా మొలకలు ఆగుతయా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

మా ఇంటాయన కుంచె ఆపకుండానే అన్నాడు, "పొయ్యవే. నీ చెంబుకే మొగులు దిగొస్తదా?"

పోశాను. పోసేటప్పుడు ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. వాళ్ల చేను మీద పడాలి, మా వీధిలో పడొద్దు అనుకున్నాను. ఆకాశానికి కూడా హద్దురాళ్లు పాతి ఉన్నట్టు!

కాసేపటికి గాలి నిలిచిపోయింది. కోళ్లు గోడ కిందికి చేరాయి. చౌటుప్పల్ వైపు నుంచి తడి బూడిద రంగు మబ్బు ఒకటి లేచింది. నా వేళ్ల కింద పోగు మెత్తబడింది. "తియ్యుండ్రి, తియ్యుండ్రి" అని అరిచాను గాని, గంజి పచ్చిగా ఉన్న పడుగును ఎట్లా తీస్తారు? చుడితే అంటుకుంటుంది, వదిలేస్తే తడుస్తుంది. మా ఇంటాయన కుంచె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

ఎదురింటి వదినె రోకలి గోడకు ఆనించి ఉరికింది. ఎరువు సంచులు కలిపి కుట్టిన పట్టా ఒకటి తన ఇంట్లోంచి ఈడ్చుకొచ్చింది. "చూస్తరేంది? తలా ఒక మూల పట్టుండ్రి!" అందరం పట్టాం. అది సగం పడుగుకే సరిపోయింది. మిగిలిన సగం మా కళ్లముందే వానకు తడిసింది. గంజి తెల్లగా కారి మట్టిలో కలిసింది.

వదినె ముఖం వానకు వెలిగిపోతోంది. నన్ను చూసి తల దించుకుంది. "పో, చేను చూసి రాపో," అని నేనే పంపాను.

మధ్యాహ్నం తిరిగొచ్చింది. మా వీధంతా బురద. ఆమె పాదాలకు ఆ బురదే గాని, పైన పిక్కల దాకా ఎర్రటి పొడి దుమ్ము. అది చూడగానే నాకు అర్థమైంది.

"రోడ్డు దాటలే, వదినె," అంది. "రోడ్డు దాక కొట్టింది. అవతల ఒక్క చినుకు లేదు."

మేం ఇద్దరం కలిసి పిలిచిన వాన అది. ఆమెకు అందలేదు, నాకు అక్కర్లేదు.

లోపలికి తెచ్చి మడతలుగా పరిచిన పడుగులో పువ్వులు చెయ్యి తగిలిన ముగ్గులా చెదిరి ఉన్నాయి. వదినె నా పక్కన చతికిలబడి, అంటుకున్న పోగులు విడదీయడం మొదలుపెట్టింది. కలుపు తీసే వేళ్లు అవి. రెండు పోగులు పుటుక్కున తెగాయి. ఆమె గమనించలేదు, నేను చెప్పలేదు.

"మల్ల వస్తదంటవా?" అంది, తల ఎత్తకుండానే.

నా వేళ్ల మధ్య పోగు అప్పుడే గరుకెక్కుతోంది.

"ఏమో, వదినె," అన్నాను.