ఫ్యాన్ కింద కుర్చీకి రెండో సబ్‌వూఫర్

2006 ఎండాకాలం. పుదుచ్చేరి నెల్లితోపులో నాకో ఆడియో దుకాణం ఉండేది. మ్యూజిక్ సిస్టమ్‌లు అమ్మేదీ నేనే, ఇళ్ళకెళ్ళి బిగించేదీ నేనే. ఒకరోజు పక్కవీధి గోవిందస్వామి నాయుడు మామ కబురు పెట్టాడు. జీవితమంతా మృదంగం వాయించి, ఇప్పుడు ఇంట్లోనే పిల్లలకు పాఠం చెప్పే మనిషి. నా దగ్గరే రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కొన్నాడు. బిగించింది మాత్రం వాళ్ళ అల్లుడు. సబ్‌వూఫర్ అంటే కింది స్వరాల కోసం, అంటే బేస్ కోసమే పెట్టే పెట్టె.

నేను వెళ్ళేసరికి మృదంగం సంచిలో మూటగట్టి గోడకు ఆనించి ఉంది.

"ఎవరికన్నా ఇచ్చేస్తానయ్యా," అన్నాడు మామ. "మా గురువు క్యాసెట్టు పెట్టుకుంటే తొప్పి ఇనబడలా. చెవి పోయింది. తొప్పి ఇనబడనోడు పిల్లోళ్ళకి ఏం చెప్తాడు?"

తొప్పి అంటే మృదంగానికి ఎడమవైపు, గుమ్మని మోగే వైపు. "మీరు వాయించేటప్పుడు వినబడుతుందిగా మామా?" అన్నాను.

"చేతికి తెలస్తా ఉంది. చెవికి తెలస్తా ఉందో లేదో, నమ్మకం పోయింది."

ఇంతలో వంటింట్లోంచి అత్త గయ్యిమంది. "ఏంది ఇనబడనిది? ఈడ గిన్నెలు ఎగుర్తా ఉండాయి! దాన్ని తగ్గించి పో అబ్బయ్యా!"

ఆ మాటతో నాకు దారి దొరికింది. వంటింట్లో అంత బేస్ ఉందంటే తప్పు చెవిది కాదు, కూర్చునే చోటుది. మామ కుర్చీ సరిగ్గా హాలు నడిమధ్యలో, ఫ్యాన్ కింద ఉంది. మా ఊరి ఉక్కపోతలో ఇంకెక్కడ వేస్తారు పాపం! పెట్టెలోంచి వచ్చే బేసూ, గోడకు తగిలి వెనక్కొచ్చే బేసూ కొన్ని చోట్ల ఒకదాన్నొకటి తినేస్తాయి. ఆ చోటును మేం నల్ అంటాం. గది మధ్యలో అది తరచూ ఉంటుంది.

అదే క్యాసెట్టు పెట్టి, మామను వంటింటి గుమ్మంలో నిలబెట్టాను. కాసేపటికి ఆయన ఎడమచేతి వేళ్ళు తలుపు మీద తాళం వేశాయి. "అరె, ఇనబడతా ఉందే!"

"అయితే ఈయన్ని గుమ్మంలోనే కూర్చోబెడతావా? నేను యాడ తిరగాల?" అంది అత్త.

కుర్చీని గోడవైపు జరిపితే మామ చెమటకు తట్టుకోలేకపోయాడు. ఇక మిగిలింది ఒకటే, ఎదుటి గోడకు ఇంకో సబ్‌వూఫర్. అత్త నెత్తి కొట్టుకుంది. "ఒకదాంతోనే చస్తా ఉంటే ఇంకోటా!"

"రెంటికీ గొంతు తగ్గిస్తాను అత్తా. నచ్చకపోతే నేనే మోసుకుపోతా."

గొణుక్కుంటూనే ఆమె బియ్యం డ్రమ్ము జరిపి చోటిచ్చింది. దుకాణం నుంచి అలాంటిదే ఇంకో పెట్టె తెచ్చి పెట్టాను. రెంటి వాల్యూమూ తగ్గించాను. రెండూ ఒకే ఊపులో మోగేలా ఫేజ్ బటన్ సరిచేసి, మామను కుర్చీలో కూర్చోమన్నాను.

తొప్పి మోగింది. మామ కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్ని దినాలూ నా చెవినే తిట్టుకుంటి కదయ్యా!"

అత్త తొంగి చూసింది. "ఆపేశారా ఏంది? గిన్నెలు కదల్లేదే!"

ఆ తర్వాత ఎవరొచ్చి వినబడలేదన్నా, పెట్టెనూ చెవినీ అనుమానించే ముందు, ఎక్కడ కూర్చుని విన్నారని అడగడం అలవాటు చేసుకున్నాను. పెట్టెలు పెరిగితే మోత పెరగాలని లేదనీ అక్కడే నేర్చుకున్నాను.

రెండో పెట్టె బిగించిన రోజు సాయంత్రం దుకాణానికి పోతూ వాళ్ళ వీధిలోకి తిరిగాను. పిల్లలకు పాఠం చెబుతున్న మామ గొంతు వీధి చివరికి వినబడుతోంది. "తొప్పి యాడ్రా? కొట్టు, గట్టిగా కొట్టు! నాకు ఇనబడతాదిలే!"