చెంచాతో పెంచిన పిల్ల

చిట్టీ, నీ గురించి రాయమని నీ స్నేహితులు కాగితాలు పంపారు. ఎక్కడ మొదలుపెట్టాలో నువ్వుంటే చెప్పేదానివి.

మా అమ్మాయి పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. జ్వరం వచ్చిన తొమ్మిదో రోజు పొద్దున, గుంటూరు ఆసుపత్రిలో, కిటికీలోంచి ఎండ మంచం మీదికి పాకుతుండగా పోయింది. చిట్టితో చదివిన మీరంతా ఒక చిన్న పుస్తకం వేస్తున్నామన్నారు. తల్లిగా నాలుగు మాటలు రాయమన్నారు. నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

మాది పెదకాకాని దగ్గర పల్లె. చిట్టి పుట్టకముందు నుంచీ నేను మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోతున్నాను. రోజంతా కాయల మధ్య కూర్చుంటే ఆ మంట వేళ్ల లోపలికి దిగిపోతుంది. సబ్బుతో కడిగినా, మజ్జిగతో రుద్దినా, కొబ్బరినూనె రాసినా పూర్తిగా వదలదు. చిట్టికి ఏడాది నిండకముందు ఒకసారి బుగ్గ నిమిరాను. వేలు కంటికి తగిలింది. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే దాకా ఏడ్చింది బిడ్డ. ఆ తర్వాత దాని మొహాన్ని నేను అరచేత్తో ముట్టుకోలేదు. ఒళ్లు వెచ్చబడిందేమో చూడాలంటే మోచేతి మడత ఆనించేదాన్ని. అన్నం చెంచాతో పెట్టేదాన్ని. ఈ పిల్లని పెంచింది తల్లి కాదు, చెంచా అని మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. చిట్టి నవ్వేది. హాస్టలుకి పోయేటప్పుడు ఆ చెంచానే సంచిలో వేసుకుపోయింది.

ఆకాశం గురించి పరిశోధన చేస్తోందంటే మా వీధిలో వాళ్లు జాతకాలు చెబుతుందనుకున్నారు. సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు చేతులు కూడా చాపారు. అది ఒక్కో చెయ్యీ పట్టుకుని, పిన్నీ, నీ చేతిలో బెండకాయ పులుసు కనిపిస్తోంది, రేపు నాకు పంపుతావు అని చెప్పింది. పులుసు నిజంగానే వచ్చింది.

నాకు మాత్రం బోరు దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. గొట్టంలోంచి నీళ్లు గచ్చు మీద పడి, పల్చగా, జోరుగా చుట్టూ పరుగెత్తుతాయి. కొంచెం దూరం పోయాక ఉన్నట్టుండి గట్టు కట్టినట్టు లేచి, అక్కడి నుంచి మందంగా, నెమ్మదిగా నడుస్తాయి. అన్నేళ్లు ఆ గచ్చు మీద బట్టలుతికాను, ఆ గట్టుని ఎప్పుడూ చూడలేదు. సూర్యుడి నుంచి గాలి లాంటిది ఒకటి భూమి వైపు వస్తుంటుందట. భూమిని చేరకముందే అదీ ఇట్లాగే ఒకచోట నెమ్మదించి చిక్కబడుతుందట. దాన్నే షాక్ వేవ్ అంటారట. అక్కడ తగ్గిన ఉరుకు చాలావరకు వేడిగా మారుతుంది. ఎక్కువ వేడి ఆ గాలిలోని బరువైన నలుసులకు పోతుంది. ఎలక్ట్రాన్లని మరీ తేలికైనవి ఉంటాయే, వాటికి దక్కేది కొంచెం. ఆ కొంచెం ఎంత, ఎవరు ఇస్తున్నారు అన్నదే చిట్టి చదువు. ఆ గట్టు దగ్గరుండే విద్యుత్తు వాటిని లోపలికి లాగుతుందని, చిన్న చిన్న అలలు కలియబెడతాయని చెప్పింది. ఏది ఎంత చేస్తుందో ఇంకా తేలలేదంది.

ఒకదాన్నొకటి గుద్దుకుని వేడెక్కుతాయేమో అన్నాను. అంత ఎడంగా ఉంటాయి, దాదాపు తగలనే తగలవంది.

"తగలకుండా వేడెట్లా వస్తుందే?"

"నువ్వు నన్ను పెంచలా? అట్లానే."

చెంబుడు నీళ్లు దాని మీద పోశాను. ఇద్దరం తడిసి కూర్చున్నాం.

ఆ తర్వాత మిరపకాయల షెడ్డులో పని చేస్తుంటే, రేకు చిల్లులోంచి పడే ఎండలో కారపు దుమ్ము తేలుతుంటే, చూస్తూ ఉండిపోయేదాన్ని. ఒక నలుసుకి ఇంకో నలుసు తగలదు. ఎర్రగా, వెచ్చగా అట్లా తిరుగుతూ ఉంటాయి. వాటి మధ్యలో ఎక్కడో చిట్టి కూర్చుని ఉపగ్రహాలు పంపే లెక్కల గీతలు చూసుకుంటున్నట్టుండేది.

ఫోను చేసి ఏం తిన్నావే అంటే, ఉపగ్రహం పంపిన గీత ఒక్కటి చూసి తింటానమ్మా అనేది. ఆ ఒక్కటీ ఎప్పుడూ అయ్యేది కాదు.

జ్వరంతో హాస్టలు నుంచి వచ్చి నేరుగా ఆసుపత్రిలో చేరిందని తెలిసి పనిలోంచి అట్లాగే పరుగెత్తాను. తిండి మానేసి రెండు రోజులైందట. పెరుగన్నం తెచ్చి, దాని సంచిలో చెంచా కోసం వెతుకుతుంటే నా కొంగు పట్టుకుంది.

"చెంచా వద్దు. చేత్తో పెట్టమ్మా."

"మంట పుడుతుందే."

"పుట్టనీ."

ఇరవై అయిదేళ్ల పిల్లకి మొదటిసారి నా చేత్తో అన్నం కలిపాను. చిన్న ముద్ద పెట్టాను. పెదవి కొంచెం ఎర్రబడింది. ఆపాను. మళ్లీ నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తెరుస్తూనే ఉంది. తర్వాత దానికి అన్నం ఎక్కలేదు.

మొన్నటి నుంచి మళ్లీ పనికి పోతున్నాను. సాయంత్రం బోరు దగ్గర చేతులు కడుక్కుంటే నీళ్లు పరుగెత్తుతాయి, గట్టు దగ్గర ఆగినట్టే ఆగి నెమ్మదిగా అవతలికి పోతాయి. చేతులు మండుతూనే ఉంటాయి. ఈ మంట తుడుచుకోవాలని ఇప్పుడు అనిపించడం లేదు.

చిట్టి వదిలేసిన పని మీలో ఒకరు పూర్తి చేస్తామన్నారు. చెయ్యండి నాయనా. పైన ఆ వేడి ఎక్కడికీ పోదు. ఆ గీత ఒక్కటీ పక్కన పెట్టి, ముందు కడుపు నిండా అన్నం తినండి.