గొంతు పోయిన నెలలో పాయింటర్ల పాఠం

మాదాపూర్‌లో అప్పటికి రోడ్ల కంటే బండలే ఎక్కువ. మధ్యాహ్నమైతే ఎక్కడో హెచ్చరిక ఈల వినిపించేది, వెంటనే బండ పేలేది, మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ కిటికీ అద్దాలు గలగలమనేవి. ఆ చప్పుళ్ల మీదుగా అరిచి సి లాంగ్వేజ్ చెప్పేదాన్ని. నా గొంతంటే నాకు మహా గర్వం. కాకినాడ నుంచి తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే. ఆ ఎండాకాలం అది కాస్తా పోయింది.

నెల రోజులు నోరు విప్పొద్దన్నాడు లింగంపల్లి డాక్టరు. మాట్లాడని టీచరుని ఎవరు ఉంచుకుంటారు? మా డైరెక్టరు గారు మర్యాదస్తుడే కానీ, శనివారం క్లాసు చూశాకే నా ఉద్యోగం సంగతి తేలుస్తానన్నారు. కొత్తగా కొన్న ప్రొజెక్టరు మీద గుడ్డ కప్పి అపురూపంగా దాచుకున్నారాయన. దాంతో స్లైడ్లు చూపించి నెట్టుకొస్తానని కాగితం మీద రాసిచ్చాను. సరేనన్నారు.

మా క్లాసు పిల్లలకి ఎదురుగా ఏది కనిపిస్తే అది నోట్సులోకి ఎక్కించుకోవడమే చదువు. స్లైడ్ షో నడపడం నాకూ కొత్త, ఫైలు తెరిచి అలాగే వదిలేశాను. శీర్షిక కోసం వదిలిన ఖాళీ పెట్టెలో కంప్యూటరు చూపించే ‘క్లిక్ టు యాడ్ టైటిల్’ కూడా బుద్ధిగా రాసుకుని, కింద గీత గీసుకున్నారు. ఒక్కరూ తలెత్తలేదు. ఒళ్లు మండిపోయింది, తిడదామంటే గొంతేదీ? ఆ కోపంలోనే శనివారం చెప్పాల్సిన పాయింటర్ల పాఠం స్లైడ్లన్నీ ప్రింటు తీసి శుక్రవారమే పంచేశాను. ఇంట్లో చదువుకుని రండి, క్లాసులో పెన్ను ముట్టుకోవద్దు అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను.

శనివారం కిటికీలకి నల్లగుడ్డలు కట్టాం. ప్రొజెక్టరు వెలుతురు దారిలో బండల దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. డైరెక్టరు గారు వెనక బెంచీలో కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతుంటే తెర అలలలా ఊగుతోంది, దాంతోపాటు నా అక్షరాలూ. నీళ్లలోపల కూర్చుని పాఠం చెబుతున్నట్టుంది. రెండో స్లైడు మీద ఉండగా కరెంటు పోయింది.

చీకటి. నోరు తెరిచాను, గాలే వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"జర ఆగుండ్రి మేడం, నేను చెప్తా," అంది ముందు బెంచీ అమ్మాయి. "పాయింటర్ అంటే ఇల్లు కాదు, ఇంటి అడ్రస్ రాసిన చిట్టీ. ఇల్లు ఆడనే ఉంటది, చిట్టీ మన జేబుల ఉంటది."

మరి ఆ ఇల్లు కూలిపోతే చిట్టీ గతి ఏంగావాలని కర్నూలు కుర్రాడు అడ్డుకున్నాడు. ఇంకెవరో జవాబిచ్చారు. ఎవరి ముఖాలూ కనిపించడం లేదు, ఒక్కో యాసలో ఒక్కో గొంతు, అన్నీ నా పాఠమే చెబుతున్నాయి. ఎంతసేపు గడిచిందో తెలీదు. చీకట్లో హాయిగా ఏడ్చాను.

వెళ్తూ వెళ్తూ డైరెక్టరు గారు నా పక్కన ఆగారు. "మీరు సోమవారం కూడా రండి," అన్నారు.

నెల తర్వాత గొంతు తిరిగొచ్చింది. ఆ ఉదయం దారి పొడుగునా బస్సులో పాఠం లోలోపలే చెప్పుకుంటూ వచ్చాను. క్లాసులో అడుగుపెట్టేసరికి అందరూ గుంపులుగా కూర్చుని వాదించుకుంటున్నారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టబోయాను.

"కూసోండి మేడం, ఇది మేం తేల్చుకుంటం," అంది ఆ అమ్మాయే.

సంతోషం వేసింది, ఉక్రోషమూ వచ్చింది. వెనక బెంచీలోకి వెళ్లి కూర్చున్నాను.